పాఠకుల ప్రశ్నలు: బ్రిటన్‌లో ఊరూరా మారే మాట

బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పాఠకులు ఈ మధ్య రాసిన ఉత్తరాల్లో ఒకే రకమైన సందేహం మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. పుస్తకాల్లో నేర్చుకున్న ఇంగ్లీషుతో లండన్ విమానాశ్రయం దాటగలిగిన వారు కూడా లీడ్స్‌లోనో, న్యూకాసిల్‌లోనో, అబర్డీన్‌లోనో పక్కింటివారు మాట్లాడేది అర్థంకాక ఇబ్బంది పడుతున్నారు. ఆ ఉత్తరాల్లో కొన్నింటిని ఎంచుకుని, ఈ సంచికలో ఈ ఒక్క విషయానికే చోటు ఇస్తున్నాము.

మా అబ్బాయి లీడ్స్‌లో ప్రాథమిక పాఠశాలలో చదువుతున్నాడు. ‘నథింగ్’ అనవలసిన చోట ‘నౌట్’ అనీ, ‘ఎనీథింగ్’ అనవలసిన చోట ‘ఔట్’ అనీ, ‘సమ్‌థింగ్’ను ‘సమ్మట్’ అనీ అంటున్నాడు. ఇది తప్పుడు ఇంగ్లీషు కదా? ఇప్పుడే మాన్పించడం మంచిదా?
— ఒక పాఠకురాలు, లీడ్స్

మాన్పించనవసరం లేదమ్మా. ఇది తప్పుడు ఇంగ్లీషు కూడా కాదు. ‘నౌట్’ అనేది వెయ్యేళ్ళకు పైబడిన ప్రాచీన ఇంగ్లీషు పదం నుంచి నేరుగా దిగివచ్చిన మాట. సున్నాకు వాడే ‘నాట్’, కాదు అనే అర్థంలో మనం రోజూ వాడే ‘నాట్’ కూడా ఆ మూలం నుంచి పుట్టినవే. ‘నౌట్’ వీటి తోబుట్టువు. తోబుట్టువులలో ఒకటి పాఠ్యపుస్తకాల్లోకి చేరింది, మరొకటి యార్క్‌షైర్, లాంకషైర్ ఇళ్ళలో నిలిచిపోయింది, అంతే తేడా.

ఒక రూపం ప్రామాణికం కావడానికీ, మరొకటి ‘పల్లెమాట’ అనిపించుకోవడానికీ కారణం ఆ మాటల గుణదోషాలు కావు. రాజసభ, న్యాయస్థానాలు, పెద్ద వర్తకం అన్నీ లండన్ చుట్టూ చేరాయి. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం నెలకొల్పినప్పుడు అచ్చుకెక్కింది కూడా ఆ ప్రాంతపు ఇంగ్లీషే. ఆ కాక్స్‌టన్‌కే ఏ మాట అచ్చు వేయాలో తేల్చుకోవడం కష్టమైంది. 1490లో తాను వెలువరించిన ఒక పుస్తకానికి రాసుకున్న ముందుమాటలో ఆయన ఈ సంగతి చెప్పారు. థేమ్స్ నది మీదుగా నేటి నెదర్లాండ్స్‌లోని జీలండ్‌కు బయలుదేరిన కొందరు వర్తకులు గాలి లేక కెంట్ తీరంలో ఆగిపోయారు. వారిలో ఒకరు ఒక ఇంటికి వెళ్ళి ‘ఎగ్స్’ కావాలని అడిగితే, ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదని జవాబు చెప్పింది. తనకూ ఫ్రెంచి రాకపోవడంతో ఆ వర్తకుడికి కోపం వచ్చింది. చివరకు మరొకరు ‘ఐరెన్’ కావాలని అడిగిన తర్వాతే ఆమెకు గుడ్లు అడుగుతున్నారని అర్థమైంది. ‘ఎగ్’ అనేది ఉత్తరాదిలో స్థిరపడిన స్కాండినేవియన్ల మాట, ‘ఐరెన్’ అనేది దక్షిణాదివారు నిలుపుకున్న పాత ఇంగ్లీషు మాట. ఈ రెండింటిలో చివరకు దేశమంతటా నిలిచినది ఉత్తరాది మాటేనని గుర్తుంచుకుంటే, లండన్ మాటే ఎప్పుడూ సరైనదన్న అభిప్రాయానికి ఆధారం ఉండదు.

మీరు ఉండే ప్రాంతానికి చెందిన ఒక మహానుభావుడి గురించి మీ అబ్బాయికి తప్పక చెప్పండి. జోసెఫ్ రైట్ 1855లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర పుట్టారు. ఆరేళ్ళ వయసులోనే రాతిగనిలో గాడిదబండి తోలే పనికి కుదిరారు, ఆ తర్వాత ఉన్ని మిల్లులో పని చేశారు. పదిహేనేళ్ళు వచ్చేవరకు ఆయనకు చదవడం, రాయడం రాదు. అలాంటి వ్యక్తి స్వయంకృషితో భాషాశాస్త్రం చదివి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. 1898 నుంచి 1905 వరకు ఆరు సంపుటాలుగా ఇంగ్లీషు మాండలిక నిఘంటువును వెలువరించారు. ‘నౌట్’, ‘ఔట్’ లాంటి మాటలు వేల సంఖ్యలో అందులో ఉన్నాయి, ఏ జిల్లాలో ఏ మాటకు ఏ అర్థమో వాక్యాలతో సహా ఉంది. తన తల్లి మాటను సిగ్గుపడవలసిన విషయంగా ఆయన ఏనాడూ చూడలేదు.

బడిలో పరీక్ష రాసేటప్పుడు ‘నథింగ్’ అని రాయాలన్న సంగతి ఉపాధ్యాయులు మీ అబ్బాయికి చెబుతారు. ఆటస్థలంలో ఏమనాలో అతని స్నేహితులు చెబుతారు. పిల్లలు ఈ రెండింటినీ వేరుగా ఉంచుకోవడం చాలా త్వరగా నేర్చుకుంటారు. యార్క్‌షైర్‌లో ‘వైల్’ అనే మాటకు ‘వరకు’ అనే అర్థం ఉందని మాత్రం మీరు కూడా తెలుసుకోవాలి. ‘నైన్ వైల్ ఫైవ్’ అంటే తొమ్మిది నుంచి ఐదు వరకు అని. దుకాణం వేళల గురించి అడిగినప్పుడు ఇది పనికి వస్తుంది.

నేను షెఫీల్డ్‌లో నర్సుగా పని చేస్తున్నాను. ఒక పెద్దాయన ‘ఐయామ్ స్టార్వ్‌డ్’ అంటే ఆకలిగా ఉందేమోనని తినడానికి తెచ్చి ఇచ్చాను. ఆయనకు కావలసింది దుప్పటి అని తర్వాత తెలిసింది. ఇలాంటి మాటలు ఇంకేమున్నాయి?
— ఒక పాఠకురాలు, షెఫీల్డ్

మీ ఉత్తరం మాకు చాలా ముఖ్యంగా తోచింది. మిగతా చోట్ల మాట అర్థంకాకపోతే మరోసారి అడిగి తెలుసుకోవచ్చు. రోగి మంచం దగ్గర మాత్రం అర్థం కాలేదన్న సంగతే తెలియకుండా పోయే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఆ పెద్దాయన వాడినది మీకు తెలిసిన మాటే.

‘స్టార్వ్’ అనే క్రియకు ప్రాచీన ఇంగ్లీషులో ‘చనిపోవు’ అని మాత్రమే అర్థం, జర్మన్ భాషలో దాని సోదర పదానికి ఇప్పటికీ అదే అర్థం. కాలక్రమంలో దక్షిణాదిలో ఆ అర్థం కుదించుకుపోయి ఆకలితో చనిపోవడం అయింది. ఉత్తరాదిలో చలితో చనిపోవడం, తర్వాత చలికి వణకడం అయింది. మరి ఆకలికి వారేమంటారు? లాంకషైర్, చెషైర్, స్టాఫర్డ్‌షైర్‌ల పాతతరం వారు ‘క్లెమ్డ్’ అంటారు. కొంచెం చలికే ముడుచుకుపోయే వారిని షెఫీల్డ్ నుంచి మిడ్‌ల్యాండ్స్ దాకా ‘నెష్’ అంటారు. ఇది కూడా మెత్తన, సుకుమారం అనే అర్థం గల ప్రాచీన ఇంగ్లీషు పదమే.

మీ వార్డులో వినిపించే మరికొన్ని మాటలు చెబుతాము. ‘బ్యాడ్లీ’ అంటే ఒంట్లో బాగాలేదని అర్థం, ఏదో పని చెడుగా చేశారని కాదు. ‘గిప్పింగ్’ అంటే వాంతి వచ్చేలా డోకు రావడం. ‘లగ్స్’ అంటే చెవులు. ‘జిగర్డ్’ అంటే బాగా అలసిపోయారని అర్థం. పిల్లల వార్డులో ‘మార్డీ’ అని వినబడితే ఆ బిడ్డ ముభావంగా, చిరాకుగా ఉన్నాడని తెలుసుకోండి. అన్నింటికన్నా జాగ్రత్త పడవలసింది ‘ఫెయిర్ టు మిడ్లింగ్’, ‘నాబట్ మిడ్లింగ్’ అనే జవాబులతో. మొదటిదానికి ఫరవాలేదని అర్థం. రెండోదానిలో ‘నాబట్’ అంటే ‘మాత్రమే’ కనుక, అంతంతమాత్రంగానే ఉందని ఆ రోగి చెబుతున్నట్టు. యార్క్‌షైర్ పాతతరం వారు తమ బాధను పెద్దది చేసి చెప్పుకోరు. అందుకని ‘నాబట్ మిడ్లింగ్’ అన్నవారి దగ్గర కాసేపు ఆగి, ఎక్కడ ఎలా ఉందో మళ్ళీ అడగడం మేలని మా సలహా.

యార్క్‌లో వీధులన్నింటి పేర్లూ ‘గేట్’తో ముగుస్తున్నాయి. అక్కడ అన్ని కోటగుమ్మాలు ఉండేవా?
— ఒక విద్యార్థి, యార్క్

లేవు. ఆ ‘గేట్’ గుమ్మం కాదు. వీధి అనే అర్థం గల పాత స్కాండినేవియన్ పదం ‘గాటా’ నుంచి వచ్చినది. స్టోన్‌గేట్, మికిల్‌గేట్, కాపర్‌గేట్ అన్నీ వీధులే. నిజమైన కోటగుమ్మాలను అక్కడ ‘బార్’ అంటారు. అందుకే యార్క్‌లో వీధులు గేట్లు, గేట్లు బార్లు, బార్లు పబ్బులు అని స్థానికులు కొత్తవారికి చెబుతూ ఉంటారు.

స్కాండినేవియా నుంచి వచ్చిన డేన్ల సైన్యం 866లో యార్క్‌ను పట్టుకుంది. పదేళ్ళ తర్వాత ఆ సైనికులు అక్కడి భూములు పంచుకుని సేద్యానికి దిగారు. యుద్ధానికి వచ్చి వెళ్ళిపోయినవారు భాషలో పెద్దగా ఏమీ మిగల్చరు. పొలం దున్ని, ఇల్లు కట్టుకుని, ఇరుగుపొరుగువారితో వియ్యమందిన వారే మిగులుస్తారు. ఉత్తర ఇంగ్లండ్‌లో వాగును ‘బెక్’ అనడం, కొండను ‘ఫెల్’ అనడం, పిల్లలు ఆడుకోవడాన్ని ‘లేక్’ అనడం, ‘-బై’తోనూ ‘-త్వెయిట్’తోనూ ముగిసే ఊరిపేర్లు లెక్కకు మించి ఉండడం అలా మిగిలినవే. బిడ్డను ‘బేర్న్’ అనడం మాత్రం కేవలం వారి వల్ల వచ్చినది కాదు. ప్రాచీన ఇంగ్లీషులోనూ ఆ మాట ఉంది, వారి భాషలోనూ ఉంది. దక్షిణాదిలో అది అంతరించినా, ఉత్తరాదిలో రెండు వైపులా బలం ఉండడం వల్ల నిలిచింది.

ఒకే రకం చిన్న గుండ్రటి బ్రెడ్డుకు ఊరికో పేరు ఉంది. ఎక్కడ ఏమని అడగాలి?
— ఒక పాఠకుడు, నాటింగ్‌హామ్

మీ ఊరిలో ‘కాబ్’ అని అడగండి. డెర్బీ, లెస్టర్‌లలో కూడా అంతే. కాస్త నైరుతిగా కవెంట్రీకి వెళితే అది ‘బ్యాచ్’ అవుతుంది. మాంచెస్టర్ పరిసరాల్లో ‘బార్మ్’ లేదా ‘బార్మ్ కేక్’ అంటారు. బార్మ్ అంటే బీరు పులిసేటప్పుడు పైకి తేలే నురగ, పూర్వం దానితోనే పిండిని పులియబెట్టేవారు. యార్క్‌షైర్‌లో ఎక్కువచోట్ల ‘బ్రెడ్ కేక్’. పశ్చిమ యార్క్‌షైర్‌లో కొన్ని పట్టణాల్లో ‘టీకేక్’ అంటారు కానీ, ఇంగ్లండ్‌లో మిగతాచోట్ల ఆ మాటకు ఎండుద్రాక్ష వేసిన తియ్యని బ్రెడ్డు అని అర్థం. న్యూకాసిల్‌లో ‘స్టాటీ’ దొరుకుతుంది. అయితే అది పెద్దదిగా, బల్లపరుపుగా, గట్టిగా ఉండే వేరే రకం. స్కాట్లండ్‌లో ‘బ్యాప్’, ‘రోల్’ అనే మాటలు వినబడతాయి. ఎక్కడైనా ‘బ్రెడ్ రోల్’ అంటే అర్థం చేసుకుంటారు కనుక, ఆకలితో తిరిగి వెళ్ళవలసిన అవసరమేమీ రాదు.

ఇళ్ళ మధ్య సందు సంగతి కూడా ఇలాగే ఉంటుంది. మీ నాటింగ్‌హామ్ పాతవారు దాన్ని ‘ట్విచెల్’ అంటారు. లెస్టర్‌షైర్‌లో ‘జిట్టీ’, ససెక్స్‌లో ‘ట్విటెన్’, లివర్‌పూల్‌లో ‘జిగ్గర్’, ష్రూస్‌బరీలో ‘షట్’, న్యూకాసిల్ నదీతీరంలో ‘చేర్’ అంటారు. హల్ నగరంలో ఇళ్ళ వెనుక సందును ‘టెన్‌ఫుట్’ అంటారు, పది అడుగుల వెడల్పు ఉండేది కనుక. స్కాట్లండ్‌లో ‘క్లోజ్’, ‘వైండ్’, ‘వెన్నెల్’ అనే పేర్లు ఉన్నాయి. వీటిలో ‘వెన్నెల్’ ఫ్రెంచి నుంచి వచ్చింది. యార్క్‌షైర్, లాంకషైర్‌లలో ‘గినెల్’, ‘స్నికెట్’ రెండూ ఉన్నాయి. ఈ రెండింటికీ తేడా ఏమిటని ఇద్దరు స్థానికులను అడిగితే రెండు వేర్వేరు జవాబులు వస్తాయి. ఒకరు ఇళ్ళ మధ్య ఉన్నది గినెల్, కంచెల మధ్య ఉన్నది స్నికెట్ అంటారు, మరొకరు పైకప్పు ఉన్నదే గినెల్ అంటారు. ఊరు మారితే జవాబు మారుతుంది, ఆ ఊరివారు చెప్పినదే ఆ ఊరికి సరైనది.

మరొక్క జాగ్రత్త. ఉత్తరాదిలో ‘డిన్నర్’ అంటే చాలామందికి మధ్యాహ్న భోజనం, ‘టీ’ అంటే సాయంత్రపు భోజనం. ‘టీకి రండి’ అని పొరుగువారు పిలిస్తే, రాత్రి భోజనం ముగించుకుని వెళ్ళకండి.

దుకాణంలో, బస్సులో ముక్కూముఖం తెలియని వారు నన్ను ‘డక్’ అనీ, ‘లవ్’ అనీ పిలుస్తున్నారు. బ్రిస్టల్‌లో ఉండే మా చెల్లెలిని ‘మై లవర్’ అన్నారట. దీన్ని ఎలా తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు, డెర్బీ

ఆదరంగానే తీసుకోండి. ఇవి మన వరుసల పిలుపుల వంటివి. ఎదుటివారు పరాయివారు కారని తెలియజేయడమే వీటి పని. డెర్బీ, నాటింగ్‌హామ్, స్టోక్ ప్రాంతాల్లో ‘ఏ అప్ మీ డక్’ అంటే బాగున్నారా అని పలకరించడం. ఇది మగవారు మగవారిని కూడా పిలిచే పిలుపు. యార్క్‌షైర్‌లో బస్సు నడిపేవారు ‘లవ్’ అంటారు, న్యూకాసిల్‌లో ‘పెట్’, ‘హిన్నీ’ అంటారు, గ్లాస్గోలో ఆడవారిని ‘హెన్’ అంటారు. బ్రిస్టల్, డెవన్‌లలో వినిపించే ‘మై లవర్’కు ప్రేమవ్యవహారంతో ఏ సంబంధమూ లేదు. కార్న్‌వాల్‌లో మగవారిని ‘మై హ్యాండ్సమ్’ అనడం కూడా ఈ కోవలోనిదే.

మీరు మాత్రం తొందరపడి ఈ పిలుపులు వాడవద్దు. ముఖ్యంగా కార్యాలయంలో వాడవద్దు. పుట్టిపెరిగినవారి నోట ఆదరంగా వినిపించే మాట కొత్తవారి నోట అనుకరణలా వినిపించవచ్చు. ఎవరు ఎవరిని ఎప్పుడు అలా పిలుస్తున్నారో కొన్నాళ్ళు గమనించిన తర్వాత అది దానంతట అదే అలవడుతుంది.

ఈ సందర్భంలో మరొక సంగతి చెప్పాలి. ఇంగ్లీషులో నువ్వు, మీరు అనే తేడా లేదని మన పాఠశాలల్లో చెబుతారు. పూర్వం ఉండేది. ‘దౌ’ అనేది నువ్వు, ‘యూ’ అనేది మీరు. ప్రామాణిక భాషలో ‘దౌ’ పోయింది కానీ, యార్క్‌షైర్, లాంకషైర్, డెర్బీషైర్ పల్లెల్లో, పాత గనుల ఊళ్ళలో ‘దా’, ‘దీ’ అనే రూపాల్లో అది నేటికీ వృద్ధుల నోట వినబడుతుంది. స్నేహితులు, అన్నదమ్ములు ఒకరినొకరు అలా పిలుచుకుంటారు. చిన్నవారు పెద్దవారిని అలా పిలిస్తే ‘డోంట్ దీ దా మీ’ అని మందలించేవారు. నన్ను ఏకవచనంతో సంబోధించకు అన్నమాట. ఇంగ్లండ్ పల్లెల్లో ఈ మర్యాద ఇంత స్పష్టంగా ఉండేదని తెలిసినప్పుడు, తెలుగువారికి ఆ మనుషులు ఒక్కసారిగా దగ్గరవుతారని మా నమ్మకం.

అబర్డీన్‌లో ‘ఫిట్ లైక్’ అని పలకరిస్తున్నారు. ఇది ఇంగ్లీషు యాసా, లేక వేరే భాషా?
— ఒక పరిశోధక విద్యార్థి, అబర్డీన్

‘ఎలా ఉన్నారు’ అని అడుగుతున్నారు. ఈశాన్య స్కాట్లండ్ పలుకుబడిని ‘డోరిక్’ అంటారు. మిగతాచోట్ల ‘వ’తో మొదలయ్యే ప్రశ్నార్థకాలు అక్కడ ‘ఫ’తో మొదలవుతాయి: ‘ఫిట్’ అంటే ఏమి, ‘ఫార్’ అంటే ఎక్కడ, ‘ఫాన్’ అంటే ఎప్పుడు, ‘ఫూ’ అంటే ఎలా. అబ్బాయిని ‘లూన్’, అమ్మాయిని ‘క్వైన్’ అంటారు.

డోరిక్ అనేది స్కాట్స్ భాషలో ఒక మాండలికం. స్కాట్స్‌కూ ఇంగ్లీషుకూ మూలం ఒక్కటే. ప్రాచీన ఇంగ్లీషులోని ఉత్తరపు శాఖ నుంచి స్కాట్స్ పుట్టి, స్వతంత్ర రాజ్యంలో రాజసభలోనూ, న్యాయస్థానాల్లోనూ, కవిత్వంలోనూ వాడుకలో పెరిగింది. దీనిని గేలిక్‌తో కలపకూడదు, అది కెల్టిక్ కుటుంబానికి చెందిన వేరే భాష. స్కాట్స్ ప్రత్యేక భాషా, ఇంగ్లీషులో భాగమా అనే వాదం ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వం మాత్రం 2001లో ఐరోపా ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల ఒడంబడికను ఆమోదించినప్పుడు స్కాట్స్‌ను అందులో చేర్చింది. 2011 జనాభా లెక్కల్లో స్కాట్లండ్‌లో మొదటిసారిగా దాని గురించి అడిగితే, 15 లక్షలకు పైగా జనం తమకు మాట్లాడడం వచ్చునని చెప్పారు. 1931 నుంచి 1976 వరకు పది సంపుటాలుగా వెలువడిన స్కాట్స్ జాతీయ నిఘంటువు కూడా ఉంది. ఇంత సాహిత్యం, ఇంత నిఘంటువు ఉన్న పలుకుబడిని యాస అని తీసివేయడం తగదని మా అభిప్రాయం.

వాన, మంచు, మబ్బు గురించి ఆ భాషలో ఉన్న మాటలు వింటే అక్కడి వాతావరణం కళ్ళకు కడుతుంది. రోజంతా మబ్బుపట్టి, తడిగా, విసుగు పుట్టించేలా ఉంటే ‘డ్రీఖ్’. కంటికి కనబడీ కనబడనంత సన్నని తుంపర ‘స్మిర్’. తూర్పు తీరంలో సముద్రం మీద నుంచి కమ్ముకొచ్చే పొగమంచు ‘హార్’. ఇదే పొగమంచును తీరం వెంట దక్షిణంగా, ఈశాన్య ఇంగ్లండ్‌లో ‘ఫ్రెట్’ అంటారు.

లేక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్ళినప్పుడు ‘యాన్, టాన్, టెథెరా’ అని రాసి ఉండడం చూశాము. ఇవి ఏ భాషలోని అంకెలు?
— ఒక దంపతులు, మాంచెస్టర్

అవి గొర్రెల కాపరులు మందను లెక్కపెట్టడానికి వాడిన అంకెలు. యాన్, టాన్, టెథెరా, మెథెరా, పింప్ అంటే ఒకటి నుంచి ఐదు. లోయ మారితే కొంచెం కొంచెం మారుతాయి. పదిని ‘డిక్’, పదిహేనును ‘బంఫిట్’ అంటారు. పదహారుకు వేరే మాట లేదు, ‘యాన్ ఎ బంఫిట్’, అంటే పదిహేనూ ఒకటీ. ఇరవై వరకే లెక్క. ఇరవై కాగానే ఒక గులకరాయి పక్కన పెట్టి, లేదా కర్ర మీద ఒక గాటు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవారని చెబుతారు. యార్క్‌షైర్ లోయల్లో అల్లికపని చేసేవారు కుట్లు లెక్కపెట్టడానికి కూడా వీటిని వాడారు.

వేల్స్ భాషలో ఐదును ‘పింప్’ అనే పలుకుతారు, పదహారును ‘పదిహేను మీద ఒకటి’ అనే చెబుతారు. ఈ పోలిక కాకతాళీయం కాదు. ఇంగ్లీషుకు మూలమైన భాషను తెచ్చిన ఆంగ్లో-సాక్సన్లు రాకముందు ఆ కొండల్లో వేల్స్ భాషకు దగ్గరి భాషే మాట్లాడేవారు. అందుకని ఈ అంకెలు పదిహేను వందల ఏళ్ళుగా ఆ లోయల్లో నిలిచి ఉన్నాయని ఎన్నో పుస్తకాల్లో కనిపిస్తుంది. అయితే భాషాశాస్త్రజ్ఞుల్లో చాలామందికి దీని మీద సందేహం ఉంది. మధ్యయుగాల తర్వాత వేల్స్ నుంచో, స్కాట్లండ్ దక్షిణ ప్రాంతం నుంచో ఇవి వచ్చి ఉండవచ్చునని వారి వాదన. మధ్యకాలపు రాతప్రతుల్లో ఈ అంకెలు కనిపించకపోవడం ఆ వాదనకు బలం. మీరు పిల్లలకు చెప్పేటప్పుడు వేల్స్ భాషతో చుట్టరికం ఉందని నిశ్చయంగా చెప్పవచ్చు, వయసు మాత్రం నిశ్చయంగా చెప్పకండి.

బ్రిటన్‌లో ప్రాంతీయమైన సామెతలు, నానుడులు కొన్ని చెబుతారా?
— ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

మీ ప్రాంతం నుంచే మొదలుపెడదాము. దూరాన ఆకాశం నల్లబడి వాన వచ్చేలా ఉంటే మిడ్‌ల్యాండ్స్‌లో ‘ఇట్స్ బ్లాక్ ఓవర్ బిల్స్ మదర్స్’ అంటారు. బిల్ వాళ్ళ అమ్మగారింటి వైపు నల్లగా ఉంది అని. ఆ బిల్ ఎవరన్నదానికి షేక్‌స్పియర్ అనీ, జర్మన్ చక్రవర్తి విల్‌హెల్మ్ అనీ కథలు ఉన్నాయి, ఒక్కదానికీ రుజువు లేదు. ‘వేర్ దేర్స్ మక్, దేర్స్ బ్రాస్’ అనేది యార్క్‌షైర్ సామెత. బ్రాస్ అంటే అక్కడ డబ్బు, మురికి ఉన్నచోటే డబ్బు ఉంటుందని భావం. మిల్లులు, గనులు, పేడ ఎరువు వేసిన పొలాలు చూసిన జనం పలికిన మాట అది. తలుపు వేయమనడానికి ‘పుట్ వుడ్ ఇన్ థోల్’ అంటారు, కన్నంలో చెక్క పెట్టమని.

స్కాట్లండ్ దీవెన ‘లాంగ్ మే యెర్ లమ్ రీక్’ మాకు ఎంతో ఇష్టం. నీ పొగగొట్టం చిరకాలం పొగ వదలాలని దాని అర్థం. చలిదేశంలో పొయ్యి వెలుగుతూ ఉండడం కన్నా పెద్ద భాగ్యం ఏముంటుంది? ‘మెనీ ఎ మికిల్ మేక్స్ ఎ మకిల్’ అనే స్కాట్లండ్ సామెతను చిన్నచిన్నవి చేరి పెద్దది అవుతుందనే అర్థంలో వాడతారు. కానీ మికిల్, మకిల్ రెండూ ‘పెద్దది’ అనే ఒకే మాటకు రెండు రూపాలు. అసలు రూపంలో మొదటిచోట ‘పికిల్’ ఉంటుంది, అంటే కొంచెం. జనం నోట ప్రాస బాగా కుదిరిన రూపమే నిలిచింది.

కార్న్‌వాల్‌లో ఎవరైనా పని ‘డ్రెక్లీ’ చేస్తామంటే, వెంటనే అని కాదు, ఎప్పుడో ఒకప్పుడు అని. దక్షిణ వేల్స్‌లో ‘నౌ ఇన్ ఎ మినిట్’ అన్నా ఇంచుమించు అంతే. ఇంటి మరమ్మతులకు మనిషిని పిలిచినప్పుడు ఈ రెండూ తెలిసి ఉండడం మంచిది.

ఈ మాటలు ఇంకెంతకాలం ఉంటాయి? మా సహోద్యోగి తాతగారు గనిలో పని చేశారట. ఆయన వాడిన మాటలు మనవడికే తెలియడం లేదు.
— ఒక పాఠకుడు, న్యూకాసిల్

మీ సహోద్యోగి చెప్పినది నిజం. దానికి కారణం మనవడి నిర్లక్ష్యం కాదు. ఈశాన్య ఇంగ్లండ్ గని కార్మికుల మాటకు ‘పిట్‌మాటిక్’ అని ప్రత్యేకంగా పేరే ఉండేది. గనిలోకి తీసుకెళ్ళే భోజనాన్ని మీ ప్రాంతంలో ‘బెయిట్’ అన్నారు, నాటింగ్‌హామ్‌షైర్, యార్క్‌షైర్ గనుల్లో ‘స్నాప్’ అన్నారు, కార్న్‌వాల్ తగరపు గనుల్లో ‘క్రిబ్’ అన్నారు. పక్కన పని చేసే తోటివాడు మీ ప్రాంతంలో ‘మారా’, దక్షిణ వేల్స్‌లో ‘బటీ’. చీకట్లో, ప్రాణాపాయం మధ్య, ఒకరి మీద ఒకరు ఆధారపడి పని చేసిన మనుషుల మాటలివి. 1984-85 సమ్మె తర్వాత గనులు వరుసగా మూతపడ్డాయి. ఉత్తర యార్క్‌షైర్‌లోని కెలింగ్లీ గనిని 2015 డిసెంబరులో మూసివేయడంతో భూగర్భ బొగ్గుగనుల్లో చివరి పెద్ద గని కూడా పోయింది. పనిముట్టు పోయాక దాని పేరు నిలవదు. అయినా ‘బెయిట్’, ‘మారా’, ‘స్నాప్’ లాంటివి గని ఎన్నడూ చూడని వారి నోట కూడా వినిపిస్తున్నాయంటే, అవి పనిముట్ల పేర్లు కాక మనుషుల మధ్య మాటలు కావడమే కారణం.

మాటలు ఎంత తగ్గాయో చెప్పడానికి ఆధారాలు ఉన్నాయి. లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన హెరాల్డ్ ఆర్టన్, జ్యూరిక్‌కు చెందిన ఆయిగెన్ డీత్ కలిసి రూపొందించిన సర్వే కోసం, 1950 నుంచి 1961 వరకు 313 చోట్లకు, ఎక్కువగా పల్లెలకు, పరిశోధకులు వెళ్ళి, 1,300కు పైగా ప్రశ్నలతో ఇంగ్లండ్ మాండలికాలను నమోదు చేశారు. ఎక్కువగా ఊరు దాటి వెళ్ళని వృద్ధ రైతులను ఎంచుకున్నారు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు, మరికొన్ని విశ్వవిద్యాలయాల వారు కలిసి ఒక మొబైల్ యాప్ ద్వారా ఆ సర్వేలోని కొన్ని ప్రశ్నలనే మళ్ళీ అడిగారు. 30 వేల మందికి పైగా జవాబిచ్చారు. వేలిలో గుచ్చుకున్న చెక్కపేడుకు పూర్వం ఎన్నో పేర్లు ఉండేవి, ఇప్పుడు దాదాపు అంతటా ‘స్ప్లింటర్’ పరుచుకుంది. మీ ఈశాన్యంలో మాత్రం ‘స్పెల్క్’ గట్టిగా నిలబడి ఉంది. శరదృతువును ఉత్తరాదివారు ‘బ్యాకెండ్’ అనడం చాలావరకు పోయింది.

రేడియో వల్లే ఇదంతా జరిగిందని అనడం పూర్తిగా సరికాదు. హాలిఫాక్స్‌లో పుట్టిన విల్‌ఫ్రెడ్ పికిల్స్ 1941లో బీబీసీ జాతీయ వార్తలు చదివి, చివర ఉత్తరాదివారందరికీ తన యాసలోనే ‘గుడ్ నీట్’ అని చెప్పినప్పుడు పెద్ద చర్చే జరిగింది. నేడు బీబీసీలో వేర్వేరు ప్రాంతాల యాసలు రోజూ వినబడుతున్నాయి. మాటలు తరగడానికి ముఖ్యకారణం మనుషులు ఊళ్ళు మారడం, వృత్తులు మారడం. అదే కారణంతో కొత్త మాటలు కూడా పుడుతున్నాయి. కరీబియన్, ఆఫ్రికన్, దక్షిణాసియా కుటుంబాల పిల్లలు, లండన్ పాతకాపుల పిల్లలు కలిసి పెరిగిన వాడల్లో తయారైన కొత్త మాండలికాన్ని భాషాశాస్త్రజ్ఞులు బహుళ సాంస్కృతిక లండన్ ఇంగ్లీషు అంటున్నారు. జమైకా నుంచి వచ్చిన ‘వాగ్వాన్’ అనే పలకరింపు, తాము ఉండే పేటను ‘ఎండ్స్’ అనడం అందులోవే. పాతవాటిని ఇష్టపడేవారు వీటిని తక్కువగా చూడడం న్యాయం కాదు. జోసెఫ్ రైట్ ఇప్పుడు బతికి ఉంటే వీటిని కూడా సేకరించేవారని మా నమ్మకం.

మీ సహోద్యోగి తాతగారు జీవించి ఉంటే, ఆయన మాటలు ఫోనులో రికార్డు చేయమని చెప్పండి. ఆ పని చేసేటప్పుడు ఆర్టన్ పరిశోధకులు పాటించిన నియమం ఒకటి గుర్తుంచుకోవాలి. ‘మీరు ఫలానా మాట వాడేవారా?’ అని అడిగితే, మర్యాద కోసం అవుననేస్తారు. అందువల్ల వస్తువును చూపించి, లేదా పనిని వర్ణించి, ‘దీన్ని మీరేమనేవారు?’ అని మాత్రమే అడగాలి. వచ్చిన జవాబును పలికినది పలికినట్టుగా, ఆయన చెప్పిన పూర్తి వాక్యంతో సహా రాసుకోవాలి. ఏ గని, ఏ ఊరు, ఏ సంవత్సరాల మాట అన్నది కూడా పక్కనే ఉండాలి.